కొలతకు సరిపోయిన సైకిలు

చచ్చిపోయిన బంగారయ్య సైకిలు మీద జమీందారు కన్ను పడింది. దాని మీద తిరిగి పాలమ్ముకునే బంగారయ్య పెళ్లాం గవరమ్మ అడ్డు చెప్పలేదు.

"తీసుకెళ్లండి దొరా! ముందు ఫ్రేము కొలత చూసుకోండి. గొట్టానికి అటూ ఇటూ కాళ్లేసి నిలబడితే, పాదాలు నేలకు ఆనినవాణ్ణి తోడు తీసుకుపోతానని మా ఆయన పోతూ పోతూ చెప్పాడు."

దొర నవ్వి అలాగే నిలబడ్డాడు. రెండు పాదాలూ చక్కగా ఆనాయి. గాలి లేదు. అయినా పెడలు మెల్లగా తిరిగి అతని పిక్కను తాకింది.

"అబ్బే, ఇది నాకు మరీ ఎత్తు!" అంటూ దూరంగా గెంతాడు.

మర్నాడు మసక చీకట్లో పాలబిందెతో గవరమ్మ సైకిలు మీద ఎదురైంది.

"నీకు భయం వెయ్యదుటే?" అన్నాడు దొర.

"నాకెందుకు దొరా? నా కాళ్లు నేలకు ఆనవుగా!"

కిందికి చూసే ధైర్యం దొరకు లేకపోయింది.