తెల్లమద్ది బెరడు, నక్క పథ్యం

తెల్లమద్ది వాగు ఒడ్డున పెరిగే చెట్టు. నీళ్ళు వినపడని చోట దానికి తోచదు. ఒళ్ళంతా నున్నగా, తెల్లగా, బెరడు పెచ్చులు పెచ్చులుగా లేస్తూ, ఎండదెబ్బకు పొట్టు ఊడుతున్న మనిషిలా ఉంటుంది. మేం కాలేజీలో వృక్షశాస్త్రం చదివే రోజుల్లో మా మాస్టారు ఆ బెరడు ముక్క ఒకటి బల్లమీద పెట్టారు. ఇందులో గుండె దెబ్బతినకుండా కాచే పదార్థాలున్నాయని వైద్యులు ఎంతోకాలంగా నమ్ముతున్నారనీ, ప్రయోగశాలలో ఎలుకల మీద చూస్తే కొంత నిజమే అనిపిస్తోందనీ, మనుషుల సంగతి ఇంకా గట్టిగా తేలాలనీ చెప్పారు. ఆ ముక్కను నేను చొక్కా జేబులో వేసుకుని మరిచిపోయాను. అది చొక్కాతో పాటు ఉతుకుడుకు వెళ్ళి కరిగిపోయింది. చొక్కా అంతా చిరిగినా ఆ జేబు మాత్రం చాలాకాలం చిరగలేదు. శాస్త్రానికి అదేమీ రుజువు కాదనుకోండి.

అలాంటి చెట్లున్న ఒక వాగు పక్కన పిచ్చయ్య అనే కుందేలు, అతని భార్య తాయారమ్మ కాపురముండేవారు. పిచ్చయ్యకు తన గుండె మీద ఉన్న శ్రద్ధ మరి దేనిమీదా లేదు. ఆకు రాలితే గుండె పట్టుకునేవాడు. ఆకు రాలకపోతే, ఎందుకు రాలలేదా అని పట్టుకునేవాడు. చెవి ఆనించి వినమని భార్యను రోజుకు పదిసార్లు పిలిచేవాడు. ఆవిడ వినీ వినీ విసిగి, కుందేలు గుండె అలాగే కొట్టుకుంటుందనీ, కొట్టుకోవడం మానేస్తే అప్పుడు పిలవమనీ చెప్పి గడ్డి కోసుకోవడానికి వెళ్ళిపోయేది.

అదే అడవిలో జంబులింగం అనే నక్క ఉండేవాడు. రెండు వేసవులుగా పిచ్చయ్యను తరుముతున్నాడు. గుండె ఎలా ఉన్నా పిచ్చయ్య కాళ్ళు మాత్రం మహా గట్టివి. తరిమీ తరిమీ జంబులింగానికే ఆయాసం పట్టుకుంది. దాంతో తరమడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున్నే అవతలి ఒడ్డున కళ్ళు మూసుకుని కూర్చుని, ఒక చెవి ఇటు పెట్టి, ఎంతో బాధగా తల ఊపాడు.

"పరిగెత్తకు పిచ్చయ్య బావా. నేను వాగు దాటను. నీ గుండె చప్పుడు ఇక్కడిదాకా వినపడుతుంటే అడగకుండా ఉండలేకపోతున్నాను. ఎన్నాళ్ళనుంచి ఇలా?"

పుట్టి బుద్ధెరిగాక పిచ్చయ్యను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదలుపెట్టినవాడు సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. మా ఆఫీసులో ఇలాంటివాడు ఒకడుండేవాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఇక ఆ పూట ఫైలు కదిలేది కాదు. ఇప్పుడు నన్ను చూసి మావాళ్ళు అలాగే తప్పుకుంటున్నారు, అది వేరే సంగతి.

అంతా విని జంబులింగం తేల్చిందేమిటంటే, పరుగే రోగం. పరిగెత్తిన ప్రతిసారీ గుండెకు ఒక దెబ్బ తగులుతుంది. తెల్లమద్ది బెరడు నానబెట్టిన నీళ్ళు తాగితే అందులోని సారం గుండెకు కవచంలా పనిచేస్తుంది. కానీ పథ్యం తప్పితే మందు విషమవుతుంది. ఒక మండలం, అంటే నలభై రోజులు, చెట్టు కింద కదలకుండా కూర్చోవాలి. పరుగు కూడదు, గెంతు కూడదు, ఉలిక్కిపడటం అసలే కూడదు. పూటపూటకూ లేత గరిక, చిలగడదుంపలు కడుపు పట్టినంత తినాలి. ఈ చివరిది ఎందుకో మీకు తెలుస్తూనే ఉంది. దిగులుతో పిచ్చయ్య బక్కచిక్కి ఉన్నాడు, నక్కకు బక్క మాంసం నచ్చదు.

పిచ్చయ్య ఇంటికొచ్చి ఇదంతా గర్వంగా చెప్పాడు.

"బెరడు నమలాలంటే పళ్ళు మనకున్నాయి, చెట్టు ఇంటిముందే ఉంది," అంది తాయారమ్మ. "మధ్యలో నక్కెందుకు?"

"నా గుండెను పట్టించుకున్నవాడు అతనొక్కడే."

"పట్టుకోవడానికే పట్టించుకున్నాడండీ. కదలని కుందేలును ఏమంటారో తెలుసా? భోజనం అంటారు."

పిచ్చయ్య వినలేదు. రేపటినుంచి కూర్చుంటానన్నాడు. బతిమాలింది, తిట్టింది, అలిగింది. అతను దుంపలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

ఇక లాభం లేదని ఆవిడ లచ్చన్న దగ్గరకు పరిగెత్తింది. లచ్చన్న ముసలి ఎద్దు. ఒక నాటువైద్యుడి బండికి కట్టుబడి పదిహేనేళ్ళు మూలికలు మోసి, ఆ వైద్యుడు ఆటో కొనుక్కోవడంతో అడవి చేరాడు. తెల్లమద్ది మంచి సరుకేననీ, తాగినవాళ్ళలో చాలామంది మేలు చేసిందన్నారనీ, మేలు జరగనివాళ్ళు వచ్చి చెప్పే స్థితిలో లేరనీ అతను నెమరు వేస్తూ చెప్పాడు. ఆ తర్వాత తొందరేమీ లేకుండా ఒక ప్రశ్న అడిగాడు.

"మరి జంబులింగం పథ్యం ఎప్పుడు మొదలుపెడుతున్నాడమ్మా?"

తాయారమ్మ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పూర్వం ఒక ఎలుగుబంటి వైద్యం చేసేవాడట. ఏ రోగమొచ్చినా తేనె మానమనేవాడు. కాలు విరిగినా తేనె మానమనేవాడు. అడవి అంతా తేనె మానేసింది, ఎలుగుబంటి మాత్రం నడవలేనంతగా బలిశాడు. అప్పుడు జంతువులన్నీ కూడి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. మందిచ్చినవాడు రోగితోపాటు కూర్చుని అదే పథ్యం చేయాలి. ఇచ్చినవాడు తప్పితే పుచ్చుకున్నవాడి పథ్యం అక్కడితో చెల్లు. తప్పినవాడు మాత్రం మళ్ళీ మొదటిరోజు నుంచి చేయాలి. ఆ తర్వాత అడవిలో వైద్యానికి ఎవరూ ముందుకు రాలేదు, అందుకే జంబులింగానికి ఈ సంగతి గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే జంబులింగం మోదుగాకు దొన్నెలో బెరడు నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి చెట్టు కింద పిచ్చయ్య ఒంటరిగా లేడు. ఎద్దు, నెమళ్ళు, దుప్పులు, కొమ్మల నిండా కోతులు. తాయారమ్మ వినయంగా ఎదురువచ్చింది.

"దయచేయండి వైద్యులుగారూ. మీకు కూడా గరిక కోసి ఉంచాను."

జంబులింగానికి ముందు అర్థం కాలేదు. కోతులు పోటీపడి అర్థమయ్యేలా చెప్పారు. తనది వేరే శరీరతత్వమని అతను అన్నాడు. తేనె ఎలుగుబంటి కూడా అదే అన్నాడని లచ్చన్న గుర్తుచేశాడు. కాదంటే రోగి లేచిపోతాడు. ఔనంటే రోగి మూరెడు దూరంలో కదలకుండా కూర్చుని ఉంటాడు, ఈ గుంపు ఎన్నాళ్ళని కాపలా కాస్తుంది? జంబులింగం లెక్క వేసుకుని, నవ్వు ముఖంతో కూర్చున్నాడు.

గరిక నమలడం నక్కకు అంత తేలిక కాదు. మొదటి కట్ట ముక్కులోకి వెళ్ళింది. తాయారమ్మ పక్కనే నిలబడి, వైద్యులుగారు పిల్లిలా కొరుకుతున్నారని, పక్క పళ్ళతో నమలమని నేర్పింది. మూడోరోజుకు కడుపు ఉబ్బింది. ఐదోరోజు ఒక కౌజుపిట్ట తన పిల్లలందరినీ వెంటేసుకుని వైద్యులుగారి ముక్కు కిందుగా వెళ్ళింది. ఆయనను చూపించి, గడ్డి తినే పెద్దమనిషి, దండం పెట్టండి అని పిల్లలకు చెప్పింది. జంబులింగం కళ్ళు మూసుకున్నాడు. కోతులు వంతులు వేసుకుని కాపలా కాశారు. వాళ్ళకు ఇంత వినోదం ఎన్నడూ దొరకలేదు, పళ్ళ కాపు కూడా వదులుకుని వచ్చేవారు. పిచ్చయ్య మాత్రం పూటపూటకూ నిగనిగలాడుతూ, తన నాడి గురించి పక్కనున్న వైద్యుడికి గంటలకొద్దీ చెప్పుకున్నాడు. లేచిపోయే వీలు వైద్యుడికి లేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం పిచ్చయ్య తన ఎడమ పక్కటెముక కింద వచ్చే సన్నటి మెలికనొప్పి గురించి నాలుగోసారి మొదలుపెట్టాడు. జంబులింగం ఇక ఆగలేకపోయాడు. ఆకలివల్లనో ఆ మాటలవల్లనో తర్వాత అతనే చెప్పలేకపోయాడు. నోరు తెరిచి ఒక్క దూకు దూకాడు, కానీ ఆకలితో నీరసించిన కాళ్ళు అతన్ని జానెడు ముందే దించేశాయి.

"వైద్యుడు పథ్యం తప్పాడు," అని పైనుంచి కోతి ప్రకటించాడు.

ఆ మాట చెవిన పడీపడగానే పిచ్చయ్య పథ్యం చెల్లిపోయింది. నియమం అంటే అతనికి ప్రాణం కదా. నియమం తీరిన మరుక్షణం అతను అక్కడ లేడు. తొమ్మిది రోజుల విశ్రాంతి, దుంపల బలం కలిసి ఆ పరుగును వాగు రెండో మలుపుదాకా తీసుకుపోయాయి. జంబులింగం కడుపులో తొమ్మిది రోజుల గరిక ఉంది. అతను రెండు గెంతులు వేసి, మూడో గెంతులో బోర్లాపడి, కొంతసేపు ఆవులా నిట్టూర్చాడు.

తాయారమ్మ కొత్త గరిక కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.

"మళ్ళీ ఒకటో రోజు, వైద్యులుగారూ."

ఆ సాయంత్రానికల్లా జంబులింగం కొండ దాటి వేరే అడవికి వెళ్ళిపోయాడు. అక్కడ ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే బదులు చెప్పకుండా పక్కకు తప్పుకుంటున్నాడట.

పిచ్చయ్య ఇప్పటికీ రోజూ కాస్త తెల్లమద్ది బెరడు కొరుకుతాడు. మేలు చేస్తోందంటాడు. చేస్తోందేమో, తాయారమ్మ కాదనదు. కొరికే చోటుకు మాత్రం తను ముందు వెళ్ళి నాలుగు దిక్కులూ చూసి వస్తుంది.

నీతి: మందు మంచిదే కావచ్చు, ఇచ్చేవాడు ఏ ఆకలితో ఇస్తున్నాడో ముందు చూసుకోవాలి.