బడి దూలం మీది దయ్యం

అనగనగా ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళోవాళ్ళకి అన్నీ తెలుసు, ఒక్క ఎక్కాలు తప్ప.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక కోడలు, ఆవిడకి సింహాలు అని ఒక కూతురు. ఆ పిల్ల ఊరి బడికి వెళ్ళి ఏడో ఎక్కం పట్టింది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు అనుకుంటూ ఏడార్లు నలభై రెండు దగ్గరికి వచ్చేసరికి, వానకి బడి కప్పు సగం కూలింది. పంతులు కొన్నాళ్ళు గొడుగు వేసుకుని చెప్పాడు. గొడుగూ చిరిగాక వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. ఇంకేముంది, పిల్లని మేకల వెంట తోలేద్దామని అత్తగారు సూరమ్మ కర్ర కూడా కోయించి పెట్టింది. ఆ కర్ర చూసినప్పుడల్లా నూకరత్నానికి ముద్ద దిగేది కాదు.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

రాజుగారు మహా ధర్మప్రభువు. ఊరి గాదెలో ధాన్యం దేనికి ఖర్చు పెట్టాలో ఊరే తేల్చుకోమన్నాడు. బడి కప్పుకా, ఊరి మొగలో పెద్దకాపు పేరు చెక్కించి ద్వారం కట్టడానికా? ఇంటికో చెయ్యి లెక్క. రాజుగారి పిల్లలు ఏ బడికి వెళ్ళేవారో మాత్రం అడక్కండి. రాజుల కథల్లో అది అడగకూడదు.

అందరూ చావడి దగ్గర చేరారు. పెద్దకాపు కొడుకు ఏటవతల డబ్బు బడికి పల్లకీలో వెళ్ళొస్తాడు, కనక ఆయనకి బడి అక్కర్లేదు. పిల్లల్లేనివాడు నాకు పిల్లల్లేరు కదా అన్నాడు. పిల్లలు పెద్దయినవాడు మావాళ్ళు పెద్దయ్యారు కదా అన్నాడు. పెళ్ళికానివాడు నాకసలు పెళ్ళే కాలేదు కదా అన్నాడు. బడి అందరిదీ అని మాత్రం అందరూ అన్నారు. అందరిదీ అయితే ఎవరిదీ కాదని వాళ్ళ లెక్క. ఎక్కాలు రావని చెప్పాగా!

నూకరత్నం లేచి, "చదువు హక్కు, భిక్ష కాదు!" అంది. ఆ మాట ఆవిడది కాదులే, పంతులు రోజూ అనేవాడు.

"ఆహా, ఎంత బావుంది! ద్వారం మీద చెక్కిద్దాం," అన్నాడు పెద్దకాపు.

చేతులన్నీ ద్వారానికే లేచాయి. నూకరత్నం ఇంటి చెయ్యి అత్తగారిది. అదీ లేచింది.

ఎలాగూ కూలిందిగా అని, పెద్దకాపు బడి దూలం పట్టుకెళ్ళి ఉయ్యాలబల్లకి వేయించుకున్నాడు. కరణం గంట పట్టుకెళ్ళి ఎద్దు మెడలో కట్టుకున్నాడు. షావుకారు పెంకులు పట్టుకెళ్ళి కోళ్ళగూడు కప్పుకున్నాడు. సూరమ్మ నల్లబల్ల పట్టుకొచ్చి దానిమీద వడియాలు పెట్టుకుంది.

వాళ్ళకి తెలియందేమిటంటే, ఆ దూలం మీద ఒక దయ్యం కాపురముంటోంది. సాధువైన దయ్యం. పైనుంచి పాఠాలు వినడమే దాని పని. ఇల్లు ముక్కలైపోతే అది మాత్రం ఏం చేస్తుంది? ఈ ముక్క దగ్గర కాసేపు, ఆ ముక్క దగ్గర కాసేపు. బడి దయ్యం కదూ, రాత్రిళ్ళు రాదు, బడివేళకే వస్తుంది. సరిగ్గా అందరూ అన్నాలు తిని నడుం వాల్చేసరికి మొదలెట్టేది. ఉయ్యాల్లోంచి, గంటలోంచి, కోళ్ళగూట్లోంచి, వడియాల్లోంచి ఒకటే గొంతు.

"ఏడార్లు నలభై రెండు. ఆ తర్వాత?"

పెద్దకాపు కొడుకుని పిలిచి చెప్పరా అన్నాడు. డబ్బు బడి కుర్రాడు టోపీ సర్దుకుని, చేతులు కట్టుకుని, స్వాగత గీతం పాడాడు. అయ్యాక ఇంకోసారి పాడాడు. దయ్యం ఓపిగ్గా విని, "ఆ తర్వాత?" అంది. భూతవైద్యుడొచ్చి వేపమండలతో దూలాన్ని బాదాడు. "నాలుగు పడ్డాయి. ఆ తర్వాత?" అంది.

ఊరికి కునుకు లేదు. కునుకు లేని ఊరు ఎలా ఉంటుందో తెలుసా? ద్వారం ఊసే ఎత్తదు.

"ఏమే రత్నం, నీ కూతురు చదివిందిగా! ఆ తర్వాతేమిటో చెప్పి తగలెయ్యమనవే!" అంది సూరమ్మ.

"దానికీ అక్కడిదాకే వచ్చు అత్తా. దయ్యమూ మన పిల్లా ఒకే తరగతి."

"పోనీ చెప్పేవాణ్ణి ఒక్క పూటకి అరువు తెస్తే?"

"ఏడో ఎక్కం అయిపోతుంది. రేపు ఎనిమిదోది అడుగుతుంది, ఎల్లుండి తొమ్మిదోది. మనింట్లో కూచుని అడిగే బదులు బడిలో కూచుని అడగనీ. ఎక్కడి దూలం అక్కడ, ఎక్కడి గంట అక్కడ పెడితే, దాని ఇంటికి అది పోదూ?"

మళ్ళీ చావడి, మళ్ళీ చేతులు. అందరికంటే ముందు లేచింది సూరమ్మ చెయ్యి. పెద్దకాపు రెండు చేతులూ ఎత్తాడు, ఒకటి ఓటుకి, ఒకటి దయ్యానికి దణ్ణానికి. పిల్లల కోసం ఎత్తని చేతులు కునుకు కోసం ఎత్తారర్రా! ఎందుకెత్తితేనేం, ఎత్తారు. ద్వారానికి చెక్కిన రాయి ఒక్కటే అయింది అప్పటికి. దాన్ని బడికి మెట్టుగా వేశారు, పెద్దకాపు పేరున్న వైపు కిందికి.

పంతులు తిరిగొచ్చాడు. మేకల కర్ర ఆయన చేతిలోకి వెళ్ళి నల్లబల్ల మీద అంకెలు చూపించింది. "ఏడేళ్ళు నలభై తొమ్మిది," అన్నాడాయన. "ఆ తర్వాత?" అంది సింహాలు. "ఆ తర్వాత?" అంది దూలం. వాకిట్లో నిలబడి వింటున్న నూకరత్నం, ఎవరూ చూడకుండా, "ఆ తర్వాత?" అంది.

అందుకే, మీకు ఓటొచ్చిన రోజున చెయ్యెత్తే ముందు, మీ ఇంటి ఉయ్యాల దూలం ఎక్కడిదో ఒకసారి చూసుకోండి.

కథ కంచి దారి పట్టింది, దయ్యం బడి దారి పట్టింది, మీరిక దుప్పటి దారి పట్టండి. ఏమిట్రా నీ గొణుగుడు? ఆ తర్వాతా? అమ్మో! అది రేపు బడికెళ్ళి అడుగు.