గవరయ్య చూడని పట్టు రంగు

కొండలకి అప్పటికి ఎవరూ పేర్లు పెట్టలేదో ఏమో గానీ, ఏటిమెట్టకి మాత్రం పేరుండేది. చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి, అదీ ఏటి వైపు వాలుగా దిగేది. వానలు వెనకబట్టి దసరా వచ్చిందంటే ఆ వీధిలో స్వామి రథం కదిలేది. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లలో కుక్కలు తప్ప ఎవరూ మిగిలేవారు కాదు.

మూడు కొండల అవతల గవరయ్య ఉండేవాడు. కట్టెలు కొట్టుకు బతికే మనిషి. ఏటా దసరా ముందురోజు ఓ చింతమొద్దు భుజాన పెట్టుకుని బయలుదేరేవాడు. మొదటి కొండ ఎక్కేవాడు, దిగేవాడు. రెండో కొండ ఎక్కేవాడు, దిగేవాడు. మూడో కొండ ఎక్కేసరికి డప్పులు వినపడేవి. అక్కడ మొద్దు భుజం మార్చుకుని, నవ్వుకుంటూ దిగేవాడు.

ఆ మొద్దు ఎందుకూ అంటారా? రథాన్ని లాగడానికి వందమంది ఉంటారు. ఆపడానికి ఒక్కడే. వాలులో రథం వేగం అందుకుంటే ముందు పగ్గాలు పట్టినవాళ్ల మీదికే వస్తుంది. అందుకని చక్రం పక్కనే నడుస్తూ, అదను చూసి దాని కింద మొద్దు వెయ్యాలి.

"మొద్దు వెయ్యి, గవరయ్యా!" అని జనం అరిచేవారు. అరుపు పూర్తికాకముందే మొద్దు పడేది.

జనం చూపు పైన, గవరయ్య చూపు కింద. స్వామి వస్తుంటే జనం చేతులు జోడించేవారు. గవరయ్య చేతుల్లో మొద్దు. ఏటి ఒడ్డున రథం ఆగాక అతను నాలుగు చక్రాలకీ అడ్డు పెట్టి లేచేసరికి, స్వామిని దించి తెర చాటుకి తీసుకుపోయేవారు.

ఇంటికి రాగానే అతని పెళ్లాం సోమాలమ్మ గుమ్మంలోనే అడిగేది. ఆమె కాళ్లు కొండలెక్కే కాళ్లు కావు.

"ఈ ఏడు స్వామికి ఏ రంగు పట్టు కట్టారు?"

ఆ పట్టు ఏడాదికో రంగు. రథం మీద తప్ప ఇంకెప్పుడూ కట్టరు.

"ఎడమ చక్రానికి కొత్త ఇనపపట్టా వేశారే, తళతళా మెరిసిపోతోంది!"

"చక్రం సంగతి ఎవరడిగారయ్యా? ఇరవై ఏళ్లుగా తిరునాళ్లకి పోతున్నావు, బండికి కట్టిన ఎద్దే నయం, అటూ ఇటూ చూస్తుంది."

"పోనీ, ఎవరినన్నా అడిగి వచ్చి చెప్పనా?"

"ఎవరో చూసింది నాకెందుకు? నువ్వు చూసి చెప్పు."

సరే, చూస్తానన్నాడు.

మొదటి ఏడు తల ఎత్తబోయాడు. చక్రానికి అడ్డంగా మేకపిల్ల వచ్చింది. తల దించాడు, మొద్దు వేశాడు. రెండో ఏడు తల ఎత్తబోయాడు. పోతూ పోతూ ఒక వాన కురిసి వీధి బురదయింది, చక్రం జారింది. తల దించాడు, మొద్దు వేశాడు.

మూడో ఏడు మేనల్లుడు దాలయ్యని వెంటబెట్టుకొచ్చాడు. దాలయ్య ముగ్గురు పిల్లల తండ్రి, కండగల మనిషి.

"ఈ ఒక్కసారికీ నువ్వు పట్టరా, అల్లుడూ. మీ అత్తకి మాటిచ్చాను."

"అలాగే మావా. ఇదేం బ్రహ్మవిద్యా?"

గవరయ్య జీళ్ల కొట్టు అరుగెక్కి నిలబడ్డాడు. ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రథం వచ్చింది. ముందు శిఖరం కనపడింది. తర్వాత గొడుగు కనపడింది. తర్వాత బంతిపూల దండ కనపడింది. ఇంక చూపు ఒక్క జానెడు దించితే స్వామే.

అప్పుడు చక్రం చప్పుడు మారింది.

ఆ సంగతి ఇంకెవరికీ తెలియలేదు. గవరయ్య చూపు ఒక్కసారిగా కిందికి పడింది. దాలయ్య కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉన్నాడు. మొద్దు నేల మీద ఉంది. గవరయ్య అరుగు మీంచి దూకాడు, మొద్దుని చక్రం కిందికి తోశాడు. పగ్గం పట్టుకుని పడిపోయిన మనిషికి బెత్తెడు దూరంలో రథం ఆగింది.

దాలయ్య ఏడ్చాడు. "తప్పయిపోయింది మావా. స్వామిని చూడగానే చేతులు వాటంతటవే కలిసిపోయాయి."

"కలవకపోతే మనిషివే కాదురా," అన్నాడు గవరయ్య, మొద్దు తీసి మళ్లీ తనే పట్టుకుంటూ.

ఇంటి దగ్గర సోమాలమ్మ అతని మోకాళ్ల గాయాలు చూసింది. ఆ ఏడు రంగు అడగలేదు.

చలికాలంలో గవరయ్య పోయాడు.

మరుసటి దసరాకి మొద్దుతో దాలయ్య ఒక్కడే వచ్చాడు. సంగతి విని పూజారి కళ్లు ఒత్తుకున్నాడు. "పుణ్యాత్ముడు. ఎన్ని ఏళ్లు రథం పక్కనే నడిచాడు! ఎన్ని దర్శనాలు!"

"ఒక్కటీ లేదు, అయ్యగారూ," అన్నాడు దాలయ్య. సోమాలమ్మ అడిగిన మాటా చెప్పాడు, తను చేసిన తప్పూ చెప్పాడు.

రథం వాలు దగ్గరికి రాగానే పూజారి ఆపించాడు. స్వామిని చేతుల మీద కిందికి దించి, చక్రం ముందుకి, మొద్దు ముందుకి తెచ్చాడు. మొద్దు పట్టుకుని వంగి ఉన్న దాలయ్య తల ఎత్తనక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం దాలయ్య మూడు కొండలూ ఆగకుండా దాటాడు. సోమాలమ్మ గుమ్మంలోనే ఉంది.

"మావ వంగే చోటే వంగి, మావ మొద్దు పట్టుకుని చూశాను, అత్తా. చిలకపచ్చ."

సోమాలమ్మ కాసేపు కొండల వైపు చూసింది. "ఆయనకి నప్పే రంగే," అంది. స్వామినన్నదో, గవరయ్యనన్నదో దాలయ్య అడగలేదు.

ఇప్పటికీ ఏటిమెట్టలో రథం వాలు దగ్గర ఆగుతుంది. స్వామి దిగి, చక్రం పక్కనున్న మనిషి ముందుకి వస్తాడు. ఆ తర్వాతే రథం కదులుతుంది. తిరునాళ్ల నుంచి ఇంటికి వచ్చిన వాళ్లు కాళ్లు కడుక్కోకముందే, సంచి దించకముందే, ఇంట్లో ఉండిపోయిన వాళ్లకి మొదట ఒక్క మాట చెబుతారు. ఈ ఏడు పట్టు ఏ రంగో చెబుతారు.