బంతిలో గినీ పందులు

"ఊరందరి తెలివీ ఒక తట్టలో, మా ఇంటి తెలివి ఒక తట్టలో పెట్టి తూచండి, మాదే కిందికి దిగుతుంది" అని సింహాద్రి రోజూ ఎవరో ఒకరికి చెప్పేవాడు. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ, పెళ్ళాం పైడితల్లి పక్కనుండి తలలూపేవారు. తూచే ఓపిక మాత్రం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది.

ఒకసారి పశువుల డాక్టరు ఆ ఇంటికి నాలుగు గినీ పంది పిల్లల్ని ఇచ్చాడు. ఎలక మొహం, తోకలేని ఒళ్ళు, కుయ్యికుయ్యిమనే నోరు. కోళ్ళలా పెంచి అమ్ముకునే జాతి. ఎదిగే వయసు కాబట్టి పచ్చిగడ్డి బాగా వెయ్యమన్నాడు, ఇంట్లో పిల్లల్లా చూసుకోమన్నాడు. నెల తిరిగేసరికి ఒక్కోటి అరకిలో తూగకపోతే తీసుకుపోయి వేరేవాళ్ళకిస్తానని కూడా అన్నాడు.

అంతే. ఇంట్లో పిల్లలన్నాక ఇంటి పద్ధతి ఉండాలి కదా. ఆ ఇంట్లో పెద్దావిడ మొదటి ముద్ద మింగందే పిల్లలెవరూ విస్తట్లో నోరు పెట్టకూడదు. కాబట్టి పైడితల్లి నాలుగు విస్తళ్ళు వేసి, పిల్లల్ని వరసగా బంతిలో కూచోబెట్టి, గడ్డి వడ్డించి, మొదటి గుప్పెడు అత్తగారి ముందు పెట్టింది.

అచ్చియ్యమ్మ నోట్లో ఉన్నవి రెండే పళ్ళు, అవీ ఒకదానికొకటి ఎదురుపడవు. పొద్దున్న మొదలెట్టిన గడ్డి మధ్యాహ్నం దాటినా మింగుడు పడలేదు. పిల్లలు ఆకలికి ముందుకు ఉరికితే సింహాద్రి వెనక్కి లాగి, పెద్దవాళ్ళ ముందు ఇదేం మర్యాదని మందలించాడు. ఆవిడ మింగేసరికి విస్తట్లో గడ్డి కాస్తా వడలిపోయింది.

ఇలా కాదని పైడితల్లి గడ్డిని రోట్లో వేసి, ఉప్పూ పచ్చిమిరపకాయలూ తగిలించి పచ్చడి నూరింది. ముసలమ్మ లొట్టలేసుకుంటూ క్షణంలో మింగింది. ఇంకేముంది, పిల్లలకీ అదే వడ్డన. అవి మూతి పెట్టి, తుమ్మి, పచ్చడి వదిలేసి విస్తరాకు నమిలాయి. విస్తరి తినడమేం అలవాటని సింహాద్రి మర్నాటి నుంచి సత్తు పళ్ళేలు పెట్టించాడు. పాపం, అవి పాక తడికలు కొరుక్కుని బతికాయి.

నెల తిరిగింది. కాటా మీద పెడితే ఒక్కోటి మూడువందల యాభై గ్రాములు. అచ్చియ్యమ్మకి నిజంగానే ఏడుపొచ్చింది. నాలుగింటినీ ఒళ్ళో వేసుకుని, "నా పక్కన బంతిలో కూకున్నోళ్ళని ఎలాగిచ్చెస్తాన్రా" అంది.

సింహాద్రి ఆలోచించాడు. తూకం పెరిగేది తిండితోనే కదా, ఆ తిండేదో పిల్ల పక్కన పెట్టేస్తే సరిపోతుందన్నాడు. డాక్టరు రాగానే ఒక పిల్లని కాటా ఎక్కించి, పక్కన నూటయాభై గ్రాముల పచ్చిగడ్డి పెట్టారు. సరిగ్గా అరకిలో. ఆ పిల్ల నెలరోజుల ఆకలి మీద గడ్డంతా ఆబగా తినేసింది. గడ్డి మాయమైంది, ముల్లు కదల్లేదు. ముగ్గురూ నోళ్ళు తెరిచారు.

డాక్టరు తల పట్టుకుని సంగతంతా విన్నాడు. ముసలమ్మ ఏడుపు చూసి, ఒక్క షరతు మీద పిల్లల్ని ఉంచుతానన్నాడు. "మామ్మగారూ, ఇకనుంచి ముందు అవి తినాలి. అవి తినడం అయ్యాకే మీరు తినండి." అచ్చియ్యమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

గినీ పందికి భోజనవేళ అంటూ ఉండదు. రాత్రీ పగలూ కాస్తకాస్త నములుతూనే ఉంటుంది. ఆ ముక్క చెప్పడం డాక్టరు మరిచిపోయాడు.

మూడోనాడు ఆయన అటుగా వస్తే, వాకిట్లో ముగ్గురూ ఖాళీ కంచాల ముందు కూచుని ఉన్నారు, కళ్ళు గుంటలు పడి. పొయ్యి మీద అన్నం పాచిపోయింది. ఎదురుగా నాలుగు పిల్లలూ నున్నగా తయారై కరకర నములుతున్నాయి. ఇదేమిటని డాక్టరు నోరు తెరవబోతే అచ్చియ్యమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని, ఉన్న కాస్త ఓపికతో గుసగుసలాడింది.

"గట్టిగా మాటాడకు బాబూ, పిల్లలింకా బంతిలోంచి లెగలేదు. నువ్వూ ఓ కంచం అట్టుకుని ఆ కొసన కూకో."