ఏడు రోజుల పాలన్నం

ఒకప్పుడు పిల్లికి అనుమానమంటే ఏమిటో తెలియదు. ఎవరు ఏది పెట్టినా గబగబా తినేసేది. పిల్లల్ని ఎక్కడ కంటే అక్కడే పెంచేది. అన్నం పెట్టిన చెయ్యి అన్యాయం చెయ్యదని దాని నమ్మకం. ఎంత వెర్రి నమ్మకమో మీరే వినండి.

ఆ రోజుల్లో మార్కండేయులనే నేతగాడి ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. నూలుకి గంజి పెడతారు కదా, ఆ వాసనకి ఎలుకలొచ్చి దారాలు కొరికేసేవి. పిల్లి వచ్చాక ఒక్క ఎలుక కూడా మగ్గం ఛాయలకి రాలేదు. ఇంత పని చేసినందుకు దానికి దక్కేదేమిటి? నూలుకి పెట్టగా మిగిలిన చల్లటి గంజి. పిచ్చి ముండ, అదే అమృతమనుకుని తాగేది.

మార్కండేయులుది గుంట మగ్గం. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతూ నేస్తాడు. ఒక రోజు పొద్దున్నే చూస్తే గుంటలో పిల్లి ఈనింది. మూడు పిల్లలు.

"ఇప్పుడు కాళ్ళెక్కడ పెట్టమంటావే?" అని భార్య మీద విసుక్కున్నాడు మార్కండేయులు. "వీటిని సంచిలో వేసి కాలవ అవతల వదిలేసొస్తా."

"అది చూస్తుండగా తీస్తే ఇంక మనింట్లో ఉంటుందా? అది పోతే మళ్ళీ ఎలుకలు," అంది భద్రావతి. "తల్లి ఉండాలి, పిల్లలు పోవాలి. నువ్వు ఓ వారం ఓపిక పట్టయ్యా. నేను చూసుకుంటా."

ఆ రోజు గంజిలో ఒక చెంచాడు పాలు కలిపింది.

"ఏంటమ్మా, ఇవాళ గంజి తియ్యగా ఉంది?" అంది పిల్లి.

"బాలింతవి కదే తల్లీ. ఒంట్లోకి కాస్త బలం రావద్దూ?"

పిల్లి మనసు కరిగిపోయింది. రెండో రోజు గంజిలో నాలుగు చెంచాల పాలు పడ్డాయి. మూడో రోజు సగం గంజి, సగం పాలు. నాలుగో రోజు పాలలో అన్నం మెతుకులు తగిలాయి. ఒక్కసారే పాలన్నం పెట్టి వీధిలోకి పిలిస్తే ఎంత వెర్రిదానికైనా అనుమానమొస్తుంది. అందుకే తిండి రోజుకింత మారింది. తిండితోపాటు గిన్నె కూడా రోజుకింత జరిగింది. మగ్గం పక్కనుంచి గుమ్మం దగ్గరికి, గుమ్మం నుంచి అరుగు మీదికి, అరుగు మీంచి వీధిలోకి.

చూరు మీద కాకి ఇదంతా చూస్తూనే ఉంది.

"అక్కా, గిన్నె రోజురోజుకీ దూరం పోతోందేం?" అంది.

"నీకు కుళ్ళు. నీకు దొరికేవి ఎంగిలి మెతుకులేగా," అంది పిల్లి మూతి నాక్కుంటూ.

ఏడో రోజు వీధి చివర బావి పక్కన గిన్నె పెట్టింది భద్రావతి. నిండా పాలన్నం, పైన వెన్న. గంజి చుక్క కూడా లేదు. పిల్లి కడుపారా తిన్నది. ఎండ వెచ్చగా ఉందని కాసేపు అక్కడే కూర్చుని ఒళ్ళు నాక్కున్నది. తర్వాత తోక ఎత్తుకుని ఇంటికొచ్చింది.

మగ్గం టకటకమని ఆడుతోంది. గుంటలో మార్కండేయులు కాళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి.

"నా పిల్లలేవి?" అంది పిల్లి.

"మాకేం తెలుసే? నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు," అంది భద్రావతి.

కాకి చెప్పింది, సంచి కాలవ దాటిందని. పిల్లి కాలవ దగ్గరికి పరుగెత్తింది.

"సంచి లోపల చిన్న చిన్న అరుపులు వినపడ్డాయి," అంది కాలవ. "గట్టు దాటాక ఎటు పోయారో నాకు కనపడదమ్మా."

పిల్లి అవతలి గట్టున పొదలన్నీ వెతికింది. గొంతు పోయేదాకా పిలిచింది. ఒక్కటీ పలకలేదు.

మర్నాడు గిన్నె మళ్ళీ మగ్గం పక్కకే వచ్చింది. అందులో మళ్ళీ చల్లటి గంజే.

పిల్లి దాన్ని ముట్టుకోలేదు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నానమ్మా," అంది. "అన్నం పెట్టి కడుపుకోత పెట్టేవాళ్ళని ఇప్పుడే చూశాను. మీ సంగతి సరే, నా మీద నాకే అసహ్యంగా ఉంది. అక్కడ నా పిల్లలు అరుస్తుంటే ఇక్కడ నేను ఆఖరి మెతుకుదాకా నాకాను. అన్నం చాలా రుచిగా ఉంది."

పిల్లి గుమ్మం దాటి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఎలుకలొచ్చాయి, మగ్గం మీది చీర సగంలోనే చిల్లులు పడింది. దానివల్ల పిల్లికి ఒరిగిందేమీ లేదు.

అప్పటినుంచే పిల్లి ఈనిన చోట పిల్లల్ని ఉంచదు. కళ్ళు తెరవకముందే నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పుతుంది. అప్పటినుంచే, గంజి తాగే పిల్లికి మీరు ప్రేమగా పాలన్నం పెట్టినా సరే, వాసన చూసి, తలెత్తి మీ మొహంలోకి ఒకసారి చూసి, పక్కకి వెళ్ళిపోతుంది. ఎంత పొగరో అనుకుంటాం మనం. అది ఇంటి మూలలన్నీ ఒకసారి చూసుకుని వచ్చాకే గిన్నెలో మూతి పెడుతుంది. పిల్లల్లేని పిల్లి కూడా అంతే.