పీరా ఉస్తాదు అనని మాట

ఈ కథ నాకు మొదట చెప్పింది చిన్నరెడ్డెప్ప. దొరస్వామి కాదు. ఇప్పుడు మదనపల్లె పక్క ఎవరినడిగినా దొరస్వామి చెప్పినట్లే చెప్తున్నారు గాబట్టి ఈ సంగతి ముందే తేల్చేస్తున్నా. ఇద్దరూ పీరా ఉస్తాదు దగ్గర పని నేర్చినవాళ్ళే. కానీ అన్నీ జరిగేటప్పుడు ఉస్తాదు పక్కన నిలబడింది రెడ్డెప్ప. దొరస్వామి లోపల చైన్లు కడుగుతా ఉన్నాడు. నాది రాసే చెయ్యి కాదు, బతుకంతా సైకిలు చక్రాలకు వంకర తీసిన చెయ్యి. అక్షరం వంకర పోతే పోనీ, మాటను వంకర పోనియ్యను.

పీరా ఉస్తాదు అంగడి ఏనుగు మల్లమ్మ కొండ కింద, ఘాటు రోడ్డు మొదలయ్యే తావున ఉండేది. తారురోడ్డు మీద కాకుండా రాళ్ళలో, గుట్టల్లో కొండ దిగే సైకిళ్ళుంటాయి చూడండి, వాటి పని ఆయనది. ఆ సైకిళ్ళకు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోనే కుదుపును మింగే షాకులుంటాయి. రెండు గొట్టాలు. ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో నూనె. గాలి మనిషిని మోస్తుంది. కుంగిన ఫోర్కు ఎంత జోరుగా లేవాలో నూనె చూసుకుంటుంది. నూనె గొట్టం అడుగున వేళ్ళతో తిప్పే ఎర్ర నాబు ఒకటి ఉంటుంది. దాన్ని బిగిస్తే ఫోర్కు నిదానంగా లేస్తుంది, వదులు చేస్తే చురుగ్గా లేస్తుంది. ఇంతకంటే తెలియాల్సింది ఏమీ లేదు, తెలుసనుకునేవాళ్ళే ఎక్కువ.

బాగా పొడుగు ఫోర్కు కావాలని వచ్చినోనికి ఉస్తాదు వాని సైకిలు ఫ్రేమునే చూపించేవాడు. "దీనికి ఎంత పట్టిందో అంతే. పొట్టోనికి కట్టెకాళ్ళు కట్టి పరిగెత్తమంటావా?" అనేవాడు. గాలి పెట్టేటప్పుడు కూడా ఎవరినీ బరువెంత అని అడిగే అలవాటు లేదు ఆయనకు. "కొండ దిగేటప్పుడు ఏమేమి మోసుకుంటావో అదంతా ఏసుకోని ఎక్కు" అనేవాడు. బూట్లు, టోపీ, నీళ్ళు, వీపు మీద సంచి, అన్నీ. మనిషి ఎక్కి కూర్చున్నాక ఫోర్కు నాలుగో వంతు కుంగేదాకా గాలి ఎక్కించి, దించి, ఆ తర్వాతే ఎర్ర నాబు మీద చెయ్యేసేవాడు.

ఒకనాడు సైకిళ్ళు బాగుచేయించుకోవడానికి వచ్చిన బెంగుళూరోళ్ళు అంగట్లో ఉండగా, అందరి ముందర, దొరస్వామి రెడ్డెప్పను ఒక మాటన్నాడు. "వాని చేతికి స్పానరిచ్చినా ఒకటే, గడ్డపారిచ్చినా ఒకటే." బెంగుళూరోళ్ళకు తెలుగు రాకపోయినా నవ్వినారు. ఆ దినం నించి రెడ్డెప్ప దొరస్వామి పక్కన కూర్చోలేదు, వాడు కలిపిన టీ ముట్టలేదు. పని మానేసి ఊరికి పోదామనే అనుకున్నాడు. పోయేముందు ఉస్తాదును అడిగినాడు.

"ఉస్తాద్, ఒకరు మాటంటే దాన్ని ఎంతసేపు మనసులో పెట్టుకోవాల?"

ఉస్తాదు చేతిలోని స్పానరు కింద పెట్టినాడు. అప్పుడే అంగడి ముందర హిమబిందు సైకిలు దిగింది.

హిమబిందు పీలేరు మనిషి, బళ్ళో ఆటలు నేర్పే పంతులమ్మ. వచ్చే ఆదివారం కొండ దిగే పందెం. గెలిచినోళ్ళకు రాష్ట్రం జట్టులో చోటు. అప్పటికే ఆమెకు ముప్పై ఐదు దాటినాయి. ఈసారి కాకపోతే ఇంక లేదని ఆమే అందరికీ చెప్పుకునేది. పోయినేడు కూడా ఆమె గెలవాల్సిందే. అప్పుడు ఫోర్కు కుదిర్చి పెట్టింది మన ఉస్తాదే. కానీ కొండ మీద ఆ ఫోర్కు ఆమెను ఎగరేసి పొదలో పారేసింది. లేచి దుమ్ము దులుపుకోని, నూరుమంది మధ్యలో, "ఉస్తాదు చేతి ఫోర్కు, మంచి గుర్రం మాదిరి తన్నింది" అనింది. అందరూ నవ్వినారు. ఉస్తాదు నవ్వలేదు. ఎందుకంటే ఆయన కంటికి ఒకటి కనబడింది. ఆమె వీపు మీద సంచి లేదు. నీళ్ళు, సామాను, సంచి అన్నీ ఏసుకోనుండగా ఆయన గాలి పెట్టినాడు. పందెం మొదలయ్యే తావున ఆమె బరువు తగ్గుతుందని సంచి తీసి పక్కన పెట్టేసింది. బరువు తగ్గితే, ఆ గాలికి ఆ ఫోర్కు తన్నకుండా ఏం చేస్తుంది? ఆ సంగతి ఉస్తాదు ఆమెకు చెప్పలేదు. ఆ నవ్వులు మనసులో ఉండిపోయి, సంవత్సరం దాకా చెప్పలేదు.

ఇప్పుడామె వస్తానే ఎర్ర నాబును చూపించింది.

"దీన్ని కడాకు బిగించేసినా ఉస్తాద్. ఇంక ఎట్ల తంతుందో చూస్తా. మీరు బ్రేకులు మాత్రం చూడండి."

ఉస్తాదు కూర్చోని ఫోర్కును రెండు చేతుల్తో నొక్కి వదిలినాడు. అది నిద్రలేచే ముసలాయన మాదిరి పైకొచ్చింది.

"ఇంత బిగువు పనికిరాదమ్మా."

"పోయినసారి మీరు చెప్పినట్లే విన్నాగదా."

ఉస్తాదు బ్రేకులు చూసి, తుడిచి, సైకిలు ఇచ్చేసినాడు. ఆమె రోడ్డెక్కినాక రెడ్డెప్ప నిలబడలేక అడిగినాడు.

"సంచి సంగతి చెప్పొద్దా ఉస్తాద్?"

"ఆమె అడగలేదు" అన్నాడు ఉస్తాదు.

ఆదివారం పొద్దున పందెం వ్యాను అంగడి ఎదురుగానే నిలిచింది. హిమబిందు దిగి టీ తాగింది. నడుమ రోడ్డే అడ్డం. రెడ్డెప్ప మోచేత్తో పొడిచినాడు, "ఇప్పుడన్నా పోయి చెప్పండి ఉస్తాద్, రెండు మాటలు." ఉస్తాదు టోపీ సర్దుకోని, "ఆమె ఈ పక్క చూడ్డం లేదు" అన్నాడు. టీ గ్లాసు పెట్టేసి ఆమె వ్యానెక్కింది. ఈయన ఆమె పక్క చూస్తానే ఉన్నాడని రెడ్డెప్ప నాకు చెప్పినాడు.

పోయినేడు ఒక్కసారి తప్ప పందేలు చూడ్డానికి ఎప్పుడూ పోని ఉస్తాదు ఆ దినం మళ్ళీ పోయినాడు. రెడ్డెప్పను వెంటబెట్టుకోని నిచ్చెనరాళ్ళ దగ్గర నిలబడినాడు. అక్కడ దావకు అడ్డంగా రాళ్ళు నిచ్చెన మెట్ల మాదిరి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అంతవరకు హిమబిందే ముందుంది. మొదటి రాయికి ఫోర్కు కుంగింది, బాగానే కుంగింది. అది లేవకముందే రెండో రాయి వచ్చింది. కుంగి ఉన్నదే ఇంకా కుంగింది. మూడో రాయికి కాస్త చోటు మిగిలింది. నాలుగోదానికి అదీ లేదు. దిగే చోటు లేని ఫోర్కు ఇనుపకడ్డీయే. సైకిలు తల కిందికి పోయింది, మనిషి రాళ్ళ మీదికి పోయింది.

మణికట్టు విరిగింది. ఉస్తాదే తన తుండుగుడ్డతో ఆమె చేతిని మెడకు కట్టినాడు. ఆమె ఏడవలేదు. వ్యానులో కూర్చోబెడతా ఉంటే ఆయన మొగంలోకి చూసి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్లే అడిగింది.

"ఈసారి తన్నలేదు గదా ఉస్తాద్. మళ్ళీ ఎట్ల పడినా?"

ఉస్తాదు నోరు తెరిచినాడు. "పోయినసారి నీ సంచి..." అన్నాడు. అంతలో వ్యాను తలుపు వేసేసినారు. హిమబిందు చెయ్యి అతుక్కుంది గానీ, ఆమె కొండకు మళ్ళీ రాలేదు. ఉస్తాదు పీలేరు పోయి రెండుసార్లు ఆ బడి గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చినాడని కూడా విన్నా. అది రెడ్డెప్ప చెప్పింది కాదు గాబట్టి దానికి నేను పూచీ పడను.

ఆ సాయంత్రం ఆమె సైకిలును అంగడికి తెచ్చినారు. ఉస్తాదు దాని ముందర కూర్చోని ఫోర్కును నొక్కినాడు. అది దిగి, నిదానంగా, ఎవురో బలవంతం చేసినట్లు పైకొచ్చింది. మళ్ళీ నొక్కినాడు. మళ్ళీ అట్లే. అప్పుడు ఎర్ర నాబును కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పి, నొక్కి వదిలినాడు. ఫోర్కు దిగింది, లేచింది, తన తావులో నిలబడింది. ఎగరలేదు. ఆ సైకిలును నడిపే మనిషి లేదని తెలిసీ, చీకటి పడేదాకా దాన్ని అట్ల నొక్కతానే ఉన్నాడంట.

రెడ్డెప్ప ఊరికి పోవడానికి మూట కట్టుకోని నిలబడినాడు. ఉస్తాదు తలెత్తలేదు.

"ఎంతసేపు అని గదా అడిగినావు" అన్నాడు. "రెండో రాయి వచ్చేలోపల."

ఫోర్కును ఇంకోసారి నొక్కి వదిలి, "ఇదంతా ఫోర్కును గురించి చెప్పినాననుకో. పోయి దొరస్వామిని టీ పెట్టమను" అన్నాడు.

జరిగింది ఇది. దొరస్వామి ఏం చెప్తున్నాడంటే, ఉస్తాదు ఆ సాయంత్రం "చెప్తే వినలేదు, అనుభవించింది" అన్నాడంట. ఇప్పుడు ఆ అంగడి దొరస్వామిదే. కొత్తగా ఫోర్కు కుదిర్చుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పి నవ్విస్తున్నాడు. ఉస్తాదు అట్లాంటి మాట అనలేదు. అనే మనిషి కాదు. చెప్పాల్సింది ఆయన చెప్పలేదు, ఇప్పుడేమో చెప్పనిదాన్ని ఆయన నోట్లో పెడుతున్నారు.

రెడ్డెప్పను దిద్దమంటే దిద్దడు. ఆయనకు ఎవరి మీదా కోపం నిలవదు. ఆ సాయంత్రం దొరస్వామి పెట్టిన టీ తాగినాడు, ఇప్పటికీ తాగుతున్నాడు. నువ్వే పోయి చెప్పొచ్చు గదా అంటారు. ఎన్నడో ఒకనాడు దొరస్వామి నా వాకిట్లో నిలబడి, నేను కట్టిన చక్రాన్ని తిప్పి చూసి, వంకర అన్నాడు. అది వంకర కాదు. అప్పటినించి ఆయనకూ నాకూ మాటల్లేవు.

కాబట్టి ఆ దావన పోయేవాళ్ళు ఎవరన్నా ఆ అంగడి దగ్గర ఒక్క నిమిషం ఆగి చెప్పండి. పీరా ఉస్తాదు ఆ మాట అనలేదని చెప్పండి.