అద్దంలో ఐదుగురు

విశాఖపట్నంలో ఒక పిల్లల వారపత్రికకు బొమ్మలు వేసే భానోజీకి చేతిలో ఎంత పనితనం ఉండేదో, మనుషులను ఏదైనా సాయం అడగాలంటే అంత నామోషీగా ఉండేది. వట్టి ఒంటికాయ సొంటికొమ్ము. మధ్యాహ్నం ఆఫీసువాళ్లందరూ హాల్లో కూర్చుని కూరలు మార్చుకుంటూ తింటుంటే, అతను తన గదిలో గోడవైపు తిరిగి క్యారేజీ విప్పేవాడు. మొదట్లో రమ్మని పిలిచేవాళ్లు. పదకొండేళ్లు గడిచేసరికి పిలవడం మానేశారు. పిలవడం లేదని అతను లోపల ఎంతో బాధపడేవాడు, ఆ సంగతి ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు.

ఒకరోజు సంపాదకుడు పైడిరాజుగారు అతన్ని పిలిచి, సొంతంగా ఒక బొమ్మల కథల వరస మొదలుపెట్టమన్నారు. అన్నాళ్లూ ఇతరుల కథలకు బొమ్మలు వేసిన భానోజీకి అట్టమీద తన పేరు పడటం అదే మొదలు. మొదటి సంచిక పిల్లలకు నచ్చితే వరస సాగుతుంది, లేకపోతే అక్కడితో సరి. భానోజీ ఎప్పటినుంచో మనసులో దాచుకున్న కథను బయటికి తీశాడు. జపాన్‌లో సముద్రం ఒడ్డున ఒక ఊరు. అక్కడ ఐదుగురు పదిహేనేళ్ల పిల్లలు. ఒకడు భూకంపాన్ని ముందే వింటాడు, ఒకమ్మాయి కెరటాన్ని చేత్తో ఆపుతుంది. అయితే ఐదుగురూ కలిసి ఉంటేనే ఆ శక్తులు పనిచేస్తాయి. ఒక్క స్నేహితుడు లేనివాడికి అలాంటి జట్టు ఎలా తోచిందా అని మీరు అడగవచ్చు. ఆకలితో పడుకున్నవాడికే కదా విందుభోజనం కలలోకి వచ్చేది.

ఐదుగురికీ కిమోనోలే వేషం. కిమోనో అంటే బొత్తాలు లేకుండా, ఒక అంచు మీద ఇంకో అంచు మడిచి, నడుముకు పట్టీ బిగించే పొడవాటి అంగీ. మడతలు సరిగా గీయాలంటే ఎవరైనా అది కట్టుకుని ఎదురుగా నిలబడాలి. ఆఫీసులో ఎవరిని అడిగినా నిలబడేవారే. భానోజీ అడగలేదు. అలాంటి అంగీ ఒకటి కుట్టించి, జపాన్ దుస్తుల మీద తన దగ్గరున్న ఒక పుస్తకంలో ఉన్నట్టే ఎడమ అంచు పైకి వచ్చేలా తానే కట్టుకుని, నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. ఐదుగురి భంగిమలూ తానే పెట్టాడు. అద్దంలో కనిపించింది కనిపించినట్టు గీశాడు. అద్దంలో ఎడమ కుడి అవుతుందని తెలియనివాడు కాడు, మడతల ధ్యాసలో ఆ సంగతే మరిచిపోయాడు.

ఆ పేజీలు కృపావతి దగ్గరికి వెళ్లాయి. బొమ్మల్లోని మనుషుల మాటలను వాళ్ల తలల పక్కన బుడగల్లో రాయడం ఆవిడ పని. రెండో పేజీలోనే కలం ఆపి, అతని గదికి వచ్చింది.

"భానోజీగారూ, ఈ అంచులు ఒకసారి చూడండి..." అంది.

అతను తలెత్తలేదు. "అక్షరాలు మీవి, బొమ్మలు నావి. మీ బుడగలు మీరు చూసుకోండి," అన్నాడు.

ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఎవరు వాదిస్తారు?

ఐదువేల ప్రతులు అచ్చయ్యాయి. పైడిరాజుగారు విడుదల సభకు, ఊరి బయట కర్మాగారంలో పనిచేసే ఒక జపాన్ ఇంజనీరును పిలిచారు. ఆయన వెంట పదేళ్ల కూతురు హనా వచ్చింది. ఇక్కడి బడిలోనే చదువుతోంది కాబట్టి ఆ పిల్లకు కొంచెం తెలుగు వచ్చు. మొదటి ప్రతి ఆ పిల్ల చేతికే ఇచ్చారు. అంతమందిలోనూ భానోజీ ఆ ఒక్క ముఖాన్నే చూస్తున్నాడు. హనా అట్టను చాలాసేపు చూసి, పేజీలు తిప్పి, మెల్లగా అతని దగ్గరికి వచ్చింది.

"వీళ్లందరూ చనిపోయారా?" అని అడిగింది.

లేదమ్మా, వీళ్లు ఊరిని కాపాడే వీరులు అన్నాడు భానోజీ. హనా బొమ్మలో మెడ దగ్గర వేలు పెట్టింది.

"మా అమ్మమ్మకి ఇలా కట్టారు. చివరి రోజున," అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

తమ దేశంలో కుడి అంచు పైకి మడిచి కట్టేది శవానికేనని తండ్రి నొచ్చుకుంటూనే వివరించాడు. భానోజీ ప్రాణంగా గీసుకున్న ఐదుగురూ పాడెక్కే బట్టల్లో ఉన్నారు. పైడిరాజుగారు అక్కడికక్కడే విడుదల ఆపించారు. నెలలోగా అన్నీ మళ్లీ గీస్తే సరి, లేకపోతే ఈ వరస మానేద్దామన్నారు. వచ్చినవాళ్లు ఇద్దరేసి ముగ్గురేసి మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. ఓదార్చడానికి కాదు కదా, తిట్టడానికైనా అతని దగ్గరికి ఎవరూ రాలేదు. వాళ్లకు అలా అలవాటు చేసింది అతనే.

మర్నాడు భానోజీ కృపావతి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలుసండి. మా ఆయన ఓడల్లో వంట చేసేవారు. జపాన్ రేవులో నాకోసం ఇలాంటి అంగీ కొంటే, కుడిది పైకి రానివ్వొద్దని కొట్టాయన చెప్పి మరీ ఇచ్చాడట. ఆ మాట చెప్దామనే మీ గదికొచ్చాను."

"గట్టిగా చెప్పాల్సింది."

"వినను పొమ్మన్న మనిషికి ఎంత గట్టిగా చెప్పమంటారు?" అంది కృపావతి. ఆవిడ కోపంగా అనలేదు, అందుకే ఆ మాట మరీ తగిలింది.

భానోజీ వెనక్కి తిరగబోయి ఆగాడు. చివరికి గుండె చిక్కబట్టుకుని, "నాకు సాయం కావాలండీ. కాసేపు ఎదురుగా నిలబడతారా?" అన్నాడు.

ఆవిడ నిలబడింది. ఇంకో నలుగురిని కేకేసింది. వాళ్లంతా వంతులవారీగా ఆ అంగీ కట్టుకుని ఒకరినొకరు చూసి నవ్వుకుంటుంటే, భానోజీ ఎదురుగా ఒక్కడే కూర్చుని గీశాడు. ఆ నవ్వుల్లో ఎలా కలవాలో అతనికి తెలియలేదు. పదకొండేళ్ల అలవాటు ఒక్కపూటలో పోదు. కానీ ప్రతి బొమ్మా వాళ్లకు చూపించి, సరిగా ఉందా అని అడిగాడు, వాళ్లు చెప్పిందల్లా దిద్దాడు. నెల తిరక్కముందే కొత్త సంచిక పిల్లల చేతుల్లోకి వెళ్లింది.

సాయం అడగడం చిన్నతనం కాదు పిల్లలూ. మంచి చెప్పవచ్చినవాళ్లను తిప్పి పంపేవాడికి తన తప్పు నలుగురిలో పడ్డాకే తెలుస్తుంది.